శుక్రవారం కంటి క్యాంపు

మా ఆయన కళ్ళు పోయిన ఏడాది దాళ్వా, మా రెండో పంట, విరగపండింది. మండపేట చుట్టుపక్కల ఏ మిల్లూ ఊపిరి తీసుకోలేదు. రోడ్డు మీద వడ్ల ట్రాక్టర్లు, కాకినాడ పోర్టుకి పోయే బియ్యం లారీలు, వాటి వెనక దుమ్ము. మిల్లు గేటు ఎదురుగా నా టిఫిన్ కొట్లో పెనం చల్లారిన పొద్దు లేదు. హమాలీలు, డ్రైవర్లు, తవుడు కొనడానికొచ్చిన పాలవాళ్ళు, అందరి మొహాల్లో కళ. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఊరంతా దిగులుగా ఉన్నప్పుడు మాకీ కష్టం వచ్చుంటే నలుగురితో కలిసి ఏడ్చినట్టుండేది.

మా ఆయన పేరు ఏసురాజు. గంగరాజు గారి మిల్లులో లారీ డ్రైవరు. క్లీనరుగా చేరింది అక్కడే, స్టీరింగు పట్టింది అక్కడే. ఆ మనిషికి రెండే గొప్పలు. తన బండికి ఇంతవరకూ చిన్న గీత కూడా పడలేదన్నది ఒకటి. చర్చిలో తను పాడితే హార్మోనియం వినపడదన్నది రెండోది. రెండోది నిజమే గానీ, అది గొప్ప కాదని నేను పెళ్ళైన కొత్తలోనే చెప్పాను. వినలేదు.

షుగరు వచ్చి చాలా ఏళ్ళైంది. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. మధ్యలో బండి ఆపిన ప్రతిచోటా టీ, అందులో రెండు చెంచాల పంచదార. ఏమైనా అంటే, "టీ లేకపోతే నిద్దరొస్తుందే. నిద్దరొస్తే బండి కాలవలోకి పోతుంది. ఏది కావాలో నువ్వే చెప్పు," అనేవాడు. అలా అడిగితే ఏ పెళ్ళామైనా ఏం చెబుతుంది?

కళ్ళ గురించి మాత్రం మాకు బెంగ లేదు. మా పేటలో అందరికీ తెలిసిన కంటి జబ్బు ఒక్కటే, శుక్లాలు. అది ముసలివాళ్ళకొస్తుంది, ఆపరేషన్ చేయించుకుని నల్లద్దాలు పెట్టుకుని తిరిగొస్తారు, నాలుగు వారాలు తలస్నానం చెయ్యరు, అంతే. మా ఆయన దూరాన్నించి వచ్చే లారీ నంబరు చూసి అది ఏ మిల్లుదో చెప్పేసేవాడు. అలాంటి కళ్ళకి జబ్బేంటి?

శ్రమల కాలం వచ్చింది. ఈస్టరుకి ముందు నలభై రోజులు మా లూథరన్ పేటలో సగం మంది ఒక్కపొద్దు ఉంటారు. శుక్రవారాలైతే సాయంత్రం ప్రార్థన అయ్యేదాకా మంచినీళ్ళు తప్ప ఇంకేమీ ముట్టరు. నేను ఉపవాసానికి పనికొచ్చే మనిషిని కాను. చీకటితో లేచి పెసరట్ల వాసన పీలుస్తూ ఎంతసేపని నిలబడతాను? దేవుడా క్షమించు అనుకుని మొదటి అట్టు నేనే తినేస్తాను. మా ఆయన అలా కాదు. బస్తాలతో నిండిన బండి నడుపుతూ కూడా ఉపవాసం తప్పడు. శుక్రవారం మాత్రం ఆ టీ కూడా ఉండదు.

అలాంటి ఒక శుక్రవారమే మా చర్చికి కంటి క్యాంపు వచ్చింది.

తెచ్చింది సారిక. మా పక్కింటి సూరమ్మ గారి మనవరాలు. తల్లీ తండ్రీ లేకపోతే ముసలావిడే కూలికెళ్ళి పెంచింది. ఆ పిల్ల కంటి పరీక్షల చదువు చదువుకుని రాజమండ్రిలో ఒక కంటి ఆసుపత్రిలో పనిచేస్తోంది. నన్ను పిన్నీ అని, ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది. షుగరున్నవాళ్ళకి కంటి వెనక ఉండే పొర నొప్పీ తీపూ లేకుండా పాడైపోతుందని, దాన్ని ఫోటో తీసి చూసే మిషను ఉందని, పల్లెల్లో వాళ్ళు ఆ ఫోటో కోసం రాజమండ్రి దాకా రారు కాబట్టి మిషనునే ఊళ్ళకి పంపాలని పైవాళ్ళ వెంటపడి వెంటపడి చివరికి వ్యాను సంపాదించింది. ఒక్కరోజు కోసం.

శుక్రవారమైతే బాగుంటుందన్నది మా పాస్టరు గారు. మేం అయ్యగారనే పిలుస్తాం. "శుక్రవారం అందరూ ఎలాగూ గుడికొస్తారు. పైగా రక్తపరీక్షకి పరగడుపున రావాలంటారు కదా, మనవాళ్ళంతా ఆ రోజు పరగడుపే," అన్నారాయన. అందరం నవ్వాం. మంచి మాట అనే అనుకున్నాం.

చర్చి వరండాలో బల్ల వేసుకుని సారిక కూర్చుంది. లోపల, పాటల పుస్తకాలుంచే చిన్న గదికి నల్లగుడ్డలు కట్టి చీకటి చేశారు. అక్కడ మిషను. ముందు బల్ల దగ్గర వేలు గుచ్చి షుగరు చూస్తారు. రెండొందలు దాటినవాళ్ళని లోపలికి పంపి, కంట్లో చుక్కలేసి ఫోటో తీస్తారు. మిగతావాళ్ళు ఇంటికి వెళ్ళొచ్చు.

మా ఆయన వంతొచ్చింది. వేలు చాపి, మొహం పక్కకి తిప్పుకున్నాడు. అంత పెద్ద లారీ నడిపే మనిషికి సూదంటే భయం.

"బాబాయ్, నూటపది!" అంది సారిక, పరీక్షలో తనకే మార్కులొచ్చినట్టు. "బ్రహ్మాండంగా ఉంది. కంట్రోల్లో ఉంది."

"చూశావా?" అని నా వైపు తిరిగాడు మా ఆయన. "రెండు చెంచాలు, రెండు చెంచాలని చంపుకు తింటావు."

"మరి ఫోటో?" అన్నాను నేను.

"ఎక్కువున్నవాళ్ళకేనండి పిన్నీ. మిషను ఒక్కటే కదా, సాయంత్రం వ్యాను వెళ్ళిపోతుంది. ముందు వాళ్ళని చూడమని ఆర్డరు. బాబాయ్‌కి అవసరం లేదు."

సూరమ్మ గారికీ తక్కువే. అయ్యగారికీ తక్కువే. నాకు జబ్బేం లేదు కదా అని నేను వేలివ్వలేదు. మా పేటవాళ్ళు ఒక్కొక్కరే వేలి మీద దూది నొక్కుకుని నవ్వుకుంటూ బయటికొచ్చారు. లోపలికి వెళ్ళింది ఎవరయ్యా అంటే, పొద్దున్నే నా కొట్లో ఇడ్లీలు పీకలదాకా తిని, క్యాంపు ఉందని తెలిసి తోచక వచ్చిన మిల్లు హమాలీలు. చుక్కలేయించుకుని, కళ్ళు చికిలిస్తూ, గోడ పట్టుకుని నడుస్తున్న వాళ్ళని చూసి మావాళ్ళు ఎంత ఎగతాళి చేశారో! "తిండి తగ్గించండ్రా బాబూ," అన్నాడు మా ఆయన. వాళ్ళలో ఒకతనికి కంట్లో జబ్బు బయటపడింది. రాజమండ్రి వెళ్ళి లేజరు చేయించుకున్నాడు. ఇప్పటికీ బస్తాలు మోస్తున్నాడు, నా కొట్లోనే తింటున్నాడు.

నాకూ ఆ రోజు సంతోషమే. అబద్ధమెందుకు చెప్పాలి? ఆ సాయంత్రం ఉపవాసం విడిచాక సేమ్యా పాయసం చేశాను.

మట్టల ఆదివారం నాడు మా ఆయన సాక్ష్యం చెప్పాడు. మా చర్చిలో అది రివాజు. దేవుడు మేలు చేస్తే లేచి నిలబడి అందరిముందూ చెప్పుకోవాలి. చేతిలో ఈతమట్ట పట్టుకుని, గొంతు సవరించుకుని, "ఇన్నేళ్ళ నా షుగరుని నలభై రోజుల ఉపవాసంలో ప్రభువు తీసేశాడు. మిషనే సాక్షి," అన్నాడు. "స్తోత్రం" అని చర్చంతా మోగిపోయింది. సూరమ్మ గారైతే కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు లేచారు, తమకీ అలాగే తగ్గిందని.

ఇంటికొచ్చి మాత్రల డబ్బా గూట్లో పైన పెట్టేశాడు.

"ఏమండీ, డాక్టరు ఆపమన్నారా?"

"నువ్వు గుళ్ళో లేవా? నలుగురి ముందూ తగ్గిందని చెప్పి ఇంటికొచ్చి మాత్ర మింగితే ఏం బాగుంటుంది?"

"ఎవరు చూడొచ్చారు?"

"ఆయన చూడడా?" అని పైకి చూపించాడు.

దేవుడితో నేను వాదించలేను గానీ మా ఆయనతో ఎందుకు వాదించలేను? రెండు రోజులు మాటలయ్యాయి, ఒకరోజు అలక అయింది. తర్వాత నేను మాత్రని నూరి కొబ్బరి పచ్చట్లో కలిపి పెట్టాను. మొదటి ముద్దకే, "ఏంటే, కొబ్బరికాయ కుళ్ళిందా?" అన్నాడు. రెండోరోజు పచ్చడి గిన్నె పక్కకి నెట్టేసి అట్టు వట్టిదే తిన్నాడు. మూడోరోజు నాకు విసుగొచ్చింది. సీజను మీదుంది, పొద్దున్నుంచీ నిలబడి నిలబడి నా కాళ్ళు లాగేస్తున్నాయి. నీ ఒళ్ళు నీ ఇష్టం అన్నాను.

ఈస్టరు రోజు తెల్లవారుజామున మేమంతా సమాధుల తోటకి వెళతాం. ముందురోజే సమాధులకి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. తూరుపు తెల్లబడుతుండగా పునరుత్థానం పాటలు పాడతాం. నాకు ఏడాదంతటిలో ఇష్టమైన ఆరాధన అదొక్కటే. చనిపోయినవాళ్ళ మధ్య నిలబడి అంత సంతోషంగా పాడటం ఇంకెక్కడుంటుంది?

మా అత్తగారి సమాధి పక్కన నిలబడ్డాం. ఎప్పట్లాగే మా ఆయన గొంతు అందరికంటే పైన. రెండో చరణం మధ్యలో ఆ గొంతు ఆగిపోయింది.

"ఏంటండీ?" అన్నాను.

"బూజు," అన్నాడు. మొహం ముందు చెయ్యి ఊపుకున్నాడు.

"బూజేంటి, ఆరుబయట?"

"నల్లగా, దారాల్లాగా వేలాడుతోంది." మళ్ళీ ఊపుకున్నాడు. కళ్ళు నలుపుకున్నాడు.

"కొవ్వొత్తుల పొగ. ఇటు జరగండి," అన్నాను.

జరిగాడు. పాట అందుకున్నాడు. పుస్తకం మూసేసి కంఠతా వచ్చినంతే పాడాడు. తిరిగొచ్చేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. వీధిలో నన్ను ముట్టుకోవడానికి ముప్పై ఏళ్ళు సిగ్గుపడిన మనిషి. వెనకాల ఆడవాళ్ళు నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది.

మర్నాడు బండి తీశాడు. సాయంత్రం కాకినాడ నుంచి తిరిగొచ్చి, మిల్లులోకి వెళ్ళకుండా నా కొట్టు ముందే ఆపి దిగాడు. బల్ల మీద కూర్చున్నాడు. టీ ఇస్తే తాగలేదు.

"హెలెనూ," అన్నాడు చివరికి. "కుడికన్ను మూస్తే రోడ్డు కనపడుతోంది. ఎడమకన్ను మూస్తే రోడ్డు లేదే."

రాజమండ్రిలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. చుక్కలేసి, గడ్డం ఆనించి, పైకి కిందకి చూడమని, రెండు కళ్ళూ మార్చి మార్చి చూసింది. సారిక పక్కనే నిలబడి ఉంది.

"ఇది ఈ వారం వచ్చింది కాదమ్మా," అంది డాక్టరమ్మ నాతో. "షుగరు వల్ల కంటి వెనక పొర మీద పిచ్చి నరాలు మొలిచాయి. సన్నవి, బలం లేనివి. కుడికంట్లో అవి చిట్లి లోపలంతా రక్తం నిండింది. ఎడమకంట్లో కూడా అవే ఉన్నాయి, ఇంకా చిట్లలేదు. వెంటనే లేజరు పెట్టాలి. ఏడాదికొక్కసారి ఫోటో తీయించుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఎందుకు తీయించుకోలేదు?"

ఆ ప్రశ్నకి నాకు కోపం వచ్చింది. "మీ వ్యానే వచ్చిందండి మా ఊరు. మా ఆయన లైన్లో నిలబడ్డారు. షుగరు నూటపదే ఉంది, అవసరం లేదని మీవాళ్ళే పంపేశారు."

డాక్టరమ్మ సారిక వైపు చూసింది. "నూటపదా? ఇవాళ మూడొందలు దాటి ఉంది కదా."

సారిక మొహంలో రంగు మారిపోయింది. "ఆ రోజు శుక్రవారం మేడమ్," అంది మెల్లగా. "అందరూ ఉపవాసం. ముందురోజు రాత్రి నుంచీ ఎవరూ ఏమీ తినలేదు."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఆ పూట షుగరు ఎంతుంటే ఏంటి సారికా? కన్ను చెడేది ఆ పూట షుగరుతో కాదు కదా. ఇన్నేళ్ళదీ కలిపి."

"రెండొందల రూలు ఆఫీసుదండి. అందరికీ తీస్తే టైము చాలదన్నారు."

డాక్టరమ్మ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. మా ఆయన మాత్రం, గడ్డం ఇంకా ఆ మిషను మీద ఆనించే, "అయితే తగ్గలేదాండి?" అని అడిగాడు. సాక్ష్యం చెప్పిన గొంతే అది. చర్చంతా మోగించిన గొంతు.

ఆయనకి లోపల లేజరు పెడుతుంటే నేను బయట కూర్చున్నాను. తోడొచ్చినవాళ్ళకి కూడా వేలు గుచ్చి చూస్తున్నారక్కడ. నా వంతొచ్చింది. ఎక్కువే ఉందన్నారు, మందులు రాసిచ్చారు. చీటీ సంచిలో పడేసుకున్నాను. నా గురించి ఆలోచించుకునే తీరిక నాకు ఆ రోజు లేదు.

ఎడమకంటికి ఇంకా లేజరు పూర్తవకముందే దాంట్లోనూ నరాలు చిట్లాయి. అన్నం తింటూ కంచం వైపు చూసి, "పప్పులో ఏంటే ఇంత నలుపు?" అన్నాడు. నేను కంచం చూశాను. తెల్లటి అన్నం, పచ్చటి పప్పు.

కుడికంటికి ఆపరేషన్ చేశారు. లోపల రక్తమైతే తీశారు గానీ వెనక పొర అప్పటికే ఊడిపోయిందట. ఎడమకంటికి చెయ్యగలిగింది చేశామన్నారు. మే నెల వెళ్ళేసరికి మా ఆయనకి మిగిలింది వెలుగూ నీడా. కిటికీ ఎక్కడుందో తెలుస్తుంది. కిటికీలో ఎవరు నిలబడ్డారో తెలియదు.

గంగరాజు గారు మామిడిపళ్ళ బుట్ట పట్టుకుని ఇంటికొచ్చారు. మంచి మనిషే. మంచం పక్కన కుర్చీలో కూర్చుని ఎండల గురించి, ఈసారి దిగుబడి గురించి, అన్నీ మాట్లాడారు. వచ్చిన పని మాత్రం నోటికి రావడం లేదు. చివరికి మా ఆయనే దిండు కింద చెయ్యి పెట్టి లారీ తాళం తీసి ఆ మాటలు వినిపించిన వైపు చాపాడు.

"తొందరేం లేదు ఏసురాజూ," అన్నారు గంగరాజు గారు.

"సీజనండి. బండి ఖాళీగా ఉంటే ఎలాగండి?" అన్నాడు మా ఆయన.

ఆయన తాళం తీసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు పొద్దున మా వీధి చివర మలుపులో ఆ లారీ వెళ్ళింది. మా ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చప్పుడు వినగానే తల తిప్పాడు. కుడికాలు కొంచెం కదిలింది. "అక్కడ గేరు తగ్గించాలి," అన్నాడు ఎవరితోనో. బండి తగ్గించకుండానే మలుపు తిరిగి వెళ్ళిపోయింది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుట్లో ఏడ్చాను.

పేటలో మాటలు పుట్టాయి. పుట్టకుండా ఎలా ఉంటాయి? బాగా చూస్తున్న మనిషి క్యాంపుకి వెళ్ళాడు. తర్వాత రాజమండ్రి వెళ్ళాడు. ఒక్క కన్ను పోయి వెళ్ళినవాడికి, బాగున్న రెండో కంటికి లేజరు పెట్టారు. అదీ పోయింది. జనం లెక్క అంతే. "చూసే కన్నుని కాల్చేశారు," అన్నారు. లేజరు వల్ల కాదు, లేజరు ఆలస్యమవడం వల్ల అని నేను కుళాయి దగ్గర, కొట్టు దగ్గర, గుడి దగ్గర చెప్పి చెప్పి నోరు నొప్పెట్టించుకున్నాను. తల ఊపేవారు. జాలిగా చూసేవారు. పాపం మొగుడి కళ్ళు పోయి దీనికి మతి చలించింది అన్నట్టుండేది ఆ చూపు.

సాక్ష్యం చెప్పిన మిగతా ఇద్దరు మాత్రం ఇంకా మాత్రలు మొదలుపెట్టలేదు. ఏసురాజు విశ్వాసంలో ఏదో లోపం ఉండుంటుందని వాళ్ళు అనుకున్నారట. ఆ మాట విన్నరోజు నేను వాళ్ళింటికి వెళ్ళి అనరాని మాటలన్నీ అన్నాను. అన్నందుకు నాకు ఇప్పటికీ చింత లేదు.

జూన్‌లో కాలవలకి నీళ్ళు వదిలిన వారం సారిక వచ్చింది. చిక్కిపోయి ఉంది. మా అరుగు మీద మా ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

"బాబాయ్, రూలు మార్చారు," అంది. "ఇక ఆ పూట షుగరు చూసి ఎవరినీ తిప్పి పంపరు. షుగరు జబ్బుందంటే చాలు, అందరికీ ఫోటోనే. పైవాళ్ళందరికీ మీ సంగతే చెప్పాను. ఇంకో మిషను కూడా ఇచ్చారు. మొదటి క్యాంపు మన చర్చిలోనే, ఆదివారం ఆరాధన అయ్యాక."

"మంచిపని చేశావమ్మా," అన్నాడు మా ఆయన. చెయ్యి చాపి తడిమి, ఆ పిల్ల తల దొరికాక దాని మీద పెట్టాడు. సారిక ఏడ్చేసింది. నాకు మాత్రం అంత మంచితనం లేదు. నా మొగుడి కళ్ళు ఖర్చయితే గానీ మారని రూలు నాకెందుకు అనుకున్నాను. అయినా లేచి చీర మార్చుకుని ఆ పిల్లతో ఇల్లిల్లూ తిరగడానికి వెళ్ళాను. చూస్తూ చూస్తూ ఇంకొకరిని ఇలా కూర్చోబెట్టలేను కదా.

మొదట సారిక వాళ్ళ ఇంటికే వెళ్ళాం. సూరమ్మ గారు బియ్యంలో రాళ్ళేరుతోంది.

"నేను రానే," అంది.

"అమ్మమ్మా, నీకు షుగరుంది. నేనే తీస్తాను ఫోటో. ఇంకెవరూ ముట్టుకోరు."

"నాకు బాగానే కనపడతంది కదే. ఇదిగో రాయి, ఇదిగో వడ్లగింజ. సూసే కళ్ళు సూపించుకోడం దేనికి? ఏసురాజు సూపించుకునే కదా ఇలా అయ్యాడు."

"బాబాయ్‌కి మేం చూడకపోవడం వల్లే అలా అయింది అమ్మమ్మా!"

"ఏదోటిలే. నేను పోయేదాకా ఈ కళ్ళు నాకుంటే సాలు. పో, హెలెన్‌కి టీ పెట్టు."

సొంత మనవరాలి మాటే వినలేదు ముసలావిడ. ఇక మిగతావాళ్ళ సంగతి ఏం చెప్పను? "ఆయ్, వస్తామండి, తప్పకుండా వస్తామండి," అన్నారు. మా గోదావరి జిల్లాల్లో మర్యాదకి లోటుండదు. మొహం మీద రానని చెప్పిన మనిషి సూరమ్మ గారొక్కరే.

ఆదివారం ఆరాధన అయింది. అయ్యగారు క్యాంపు గురించి చెప్పారు గానీ, గొంతులో ఇదివరకటి ఉత్సాహం లేదు. జనం లేచి, చెప్పులేసుకుని, గేటు దాకా వెళ్ళి అక్కడ గుంపులుగా నిలబడ్డారు. వరండాలో కొత్త కుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. లోపల రెండు మిషన్లు.

"నన్ను తీసుకెళ్ళి ముందు కుర్చీలో కూర్చోబెట్టు," అన్నాడు మా ఆయన. "నన్ను చూస్తే తెలుస్తుంది వాళ్ళకి. ఇలా కాకూడదని వస్తారు."

కూర్చోబెట్టాను. తెల్లచొక్కా, నల్లద్దాలు, మోకాళ్ళ మీద చేతులు. గేటు దగ్గరున్నవాళ్ళు చూశారు. ఒకాయన కొడుకు భుజం పట్టుకుని ఇటు రెండడుగులు వేసి, మా ఆయన్ని చూసి ఆగి, వెనక్కి తిరిగాడు. ఆడవాళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కాసేపటికి గేటు దగ్గర ఎవరూ లేరు.

"ఎంతమంది వచ్చారు?" అని అడిగాడు మా ఆయన.

"వస్తున్నారు," అన్నాను.

"చప్పుడు లేదేంటి మరి?"

నేను ఆయన చొక్కా కాలరు సర్దాను. సారిక గుమ్మంలో నిలబడి ఖాళీ కుర్చీల వైపు చూస్తోంది. ఆ పిల్లని చూస్తే నాకు అప్పుడు మొదటిసారి జాలేసింది. "నాకు తియ్యమ్మా," అన్నాను. "నాకూ ఉందన్నారు కదా ఆసుపత్రిలో."

కళ్ళలో చుక్కలేసింది. చుర్రుమన్నాయి. నల్లగుడ్డల గదిలో గడ్డం ఆనించమంది, రెప్ప వెయ్యొద్దంది. తెల్లటి వెలుగు రెండుసార్లు కళ్ళలో పేలింది. మా ఆయన్ని కూడా లోపలికి తెచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చోబెట్టింది. ఒక్కణ్ణే ఆ వరండాలో ఉంచడానికి తనకీ మనసొప్పలేదనుకుంటాను.

తెర వైపు వంగి చూసింది. ఫోటో పెద్దది చేసుకుని మళ్ళీ చూసింది.

"ఏంటమ్మా?"

"మొదలైంది పిన్నీ," అంది. "బాబాయ్‌కి వచ్చిందే. కానీ ఇప్పుడిప్పుడే. చిన్న చిన్న చుక్కలు, అంతే." ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. గొంతులో నెలల తర్వాత కాస్త ప్రాణం వచ్చింది. "భయం లేదు. మందులు వాడండి, ఏడాదికొకసారి నేనే ఫోటో తీస్తాను. ఆపేయొచ్చు పిన్నీ, మీకు ఆపేయొచ్చు. మీరు ముందే వచ్చారు కదా."

పక్కన బెంచీ కదిలిన చప్పుడైంది.

"నేనూ ముందే వచ్చానమ్మా," అన్నాడు మా ఆయన.

కోపంగా అనలేదు. ఎవరో ఊరి పేరు అడిగితే చెప్పినట్టు చెప్పాడు. నా చేతిలో సారిక చెయ్యి చల్లబడిపోయింది. నేను ముందు ఆయన వైపు తిరిగాను, తర్వాత ఆ పిల్ల వైపు తిరిగాను. చుక్కల మందుకి నా చూపంతా అలుక్కుపోయి, ఇద్దరి మొహాలూ నాకు కనపడలేదు.